ఇల్లాలి ఖాతాలో వ్రాయరాని పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయపు ఉత్సవములలో కావ్యములను గూర్చియో, కవులను గూర్చియో, విద్యామహిమను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగమునకు విషయము వేరు. త్రాగుడునకు లోబడిన భర్తతో కాపురము చేయు ఇల్లాలు తన బ్రతుకును, తన బిడ్డల బ్రతుకును ఎట్లు నిలుపుకొనవలెనన్నదే ఆ విషయము. ఇది సభలో చెప్పుకొను మాట కాదని కొందరనవచ్చును. సభలో చెప్పుకొనకపోవుటచేతనే ఇది ఇండ్లలో ఇంతగా వేరూనినది. మద్యపానమువలని అనర్థములను గూర్చిన ఉపన్యాసములు అందరును వినియేయున్నారు. అవి యన్నియు త్రాగువానిని ఉద్దేశించినవి. ఒక్క చుక్కయైనను ముట్టక, ఆ త్రాగుడు ఫలమునంతయు అనుభవించు మనిషితో మాటాడినవారు అరుదు.

సికింద్రాబాదు ఈ ప్రాంతపు పల్లెలకు కూడు పెట్టిన పట్టణము. 1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన ఆ ఊరు మొదట ఆంగ్లేయుల సైన్యమునకు విడిది. నేటికిని పెద్దలు దానిని లష్కరనియే అందురు. దండు దిగిన చోట సారా దుకాణము వెలయకుండునా? 1874లో రైలు వచ్చినది. తరువాత లాలాగూడలో రైలు కర్మాగారము వెలసినది. పల్లెలు విడిచి ఎందరో అచ్చటికి పనికి పోయిరి. జీతము రొక్కముగా చేతికందు ఆ దినములలో, కర్మాగారపు ద్వారమునకును ఇంటి గడపకును నడుమ నున్న దుకాణము ఎన్ని కాపురములను మ్రింగినదో లెక్క వ్రాసినవారు లేరు.

ఆ పట్టణమున మంచి కోరినవారును లేకపోలేదు. 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసినది. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో అచ్చట అరిగె రామస్వామిగారును, హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారును ఆది హిందువుల వాడలలో తిరిగి, త్రాగుడు మానుడని చెప్పిరి, చదువు నేర్వుడని చెప్పిరి. ఆ రెండు మాటలును ఒక్క నోటనే వచ్చినవి. కనుక గ్రంథాలయపు పండుగలో ఈ ప్రసంగము చోటు తప్పినది కాదు.

సికింద్రాబాదులో ఒక చిన్న వాటాలో కాపురముండు ఇల్లాలిని ఊహింపుడు. తెల్లవారినది. భర్త లేవలేదు. పనిచోటికి జ్వరమని కబురు పంపినది. పక్కింటి వదినవద్ద నూరు రూపాయలు బదులడిగినది. నాన్న ఎందుకు లేవలేదని బిడ్డ అడుగగా, రాత్రి పని ఎక్కువైనదమ్మా అని బొంకినది. పగలు సీసా వెదకి మోరీలో పారబోసినది. సాయంకాలము మొదలు ఆమె చెవి వీధిలోని అడుగుల చప్పుడు మీదనే యుండును. అడుగు తడబడుచు వచ్చుచున్నదా, తిన్నగా వచ్చుచున్నదా? దానినిబట్టి ఆ రాత్రి బిడ్డలను ఎచ్చట పరుండబెట్టవలెనో ఆమె నిర్ణయించుకొనును. ఇంతయు చేసిన తరువాత అత్తగారనుమాట యేమి? "నీవు సరిగా చూచుకొన్నచో వాడెందుకు త్రాగునే?" ఊరివారనుమాట యేమి? ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమనుట.

లెక్కలు వ్రాయు విద్యలో ఒక నియమమున్నది. ఒకరి ఖర్చును మరియొకరి ఖాతాలో వ్రాయరాదు. వ్రాసినను పుట చివర కూడిక సరిపోవును. చూచువారికి లెక్క శుద్ధముగనే కానవచ్చును. కాని లెక్క అబద్ధము. తాగుబోతు ఇంటిలో జరుగుచున్నది సరిగా ఇదియే. త్రాగుడు ఆయనది, సిగ్గు ఆమెది. అప్పు ఆయనది, తీర్చుట ఆమెది. తప్పు ఆయనది, క్షమాపణ చెప్పుకొనుట ఆమెది. ఈ పద్దులను ఆమె ఖాతానుండి కొట్టివేయవలెననుటయే నేటి ప్రసంగపు సారము.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఋణములను గూర్చి చెప్పుచు, కుటుంబ పోషణకై చేసినది తప్ప, మగడు చేసిన అప్పును భార్య తీర్చనక్కరలేదని విధించినది. మద్యమునకును, జూదమునకును తండ్రి చేసిన అప్పును కుమారుడు సైతము తీర్చనక్కరలేదని వెంటనే చెప్పినది. ఈ స్మృతికే విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమున మితాక్షర యను వ్యాఖ్య రచించెను. తిక్కన శిష్యుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను. పితృఋణమును ఇహపరములకు ముడివేసిన ధర్మశాస్త్రమే సారా అప్పును వేరుచేసి పక్కన పెట్టినది. నేటి చట్టము ప్రకారమును అంతే. తాను సంతకము చేయని అప్పునకు భార్య స్వయముగా బాధ్యురాలు కాదు. జామీను సంతకము చేసినచో మాత్రము అది ఆమె మెడకు చుట్టుకొనును. ఇంటి తలుపు తట్టి "మీ ఆయన బాకీ" అని గద్దించువానికి ఈ మాట చెప్పుటకు ఇల్లాలు సంకోచింపనక్కరలేదు.

అప్పు సంగతి అట్లుండగా, అంతకంటె బరువైనది నింద. భార్య గయ్యాళియైనందున త్రాగుచున్నాడని, మెత్తనిదైనందున త్రాగుచున్నాడని, కట్నము చాలనందున త్రాగుచున్నాడని పలువురు పలువిధములుగా అందురు. వైద్యశాస్త్రము ఈ మాటలను ఒప్పుకొనదు. 1956లోనే అమెరికా వైద్య సంఘము త్రాగుడు వ్యసనమును రుగ్మతగా గుర్తించినది. కొన్నేండ్లు త్రాగిన శరీరము మద్యము లేక నడువలేని స్థితికి వచ్చును. చేతులు వణకును, నిద్ర పట్టదు, కొందరికి మూర్ఛలు వచ్చును, లేనివి కనబడును. ఇందుకు నిదర్శనము 2020 మార్చి చివర అందరును చూచిరి. కరోనా కట్టడిలో కల్లు దుకాణములు మూతపడగానే, మత్తుమందులు కలిపిన కల్లునకు అలవాటుపడినవారు వణకుచు, పలవరించుచు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు వరుసగా చేరిరి. వారి భార్యలందరును ఆ వారముననే గయ్యాళులైరా? దుకాణము మూతపడినది, శరీరము తిరుగబడినది. కారణమంతయు ఇదియే.

రోగమన్నంతమాత్రమున భర్తకు బాధ్యత లేదని అర్థము కాదు. మధుమేహము తన కోరికమీద వచ్చినది కాకున్నను పథ్యము చేయవలసినవాడు రోగియే. అతనికి బదులుగా భార్య పథ్యము చేసినచో చక్కెర తగ్గునా? త్రాగుడును అట్టిదే. ఆమె దానిని పుట్టింపలేదు. ఆమె దానిని అదుపు చేయలేదు. ఆమె దానిని మాన్పజాలదు. మానుటకు త్రోవ చూపవచ్చును, ఆ త్రోవకు అడ్డముగా నున్నవానిని తొలగింపవచ్చును. నడువవలసినవాడు ఆయనయే.

మహాభారతము అరణ్యపర్వములోని నలోపాఖ్యానము అందరెరిగినదే. పానమును, జూదమును, స్త్రీలోలతయు, వేటయు కామమునుండి పుట్టు వ్యసనములలో మిక్కిలి చెడ్డవని మనువు ఒక్కచోటనే చేర్చి చెప్పెను గనుక, జూదరి భార్య కథ తాగుబోతు భార్యకును చెల్లును. కలి ఆవేశించిన నలుడు పుష్కరునితో పాచికలాడుచుండగా దమయంతి యేమి చేసినది? మొదట తాను చెప్పి చూచినది. మంత్రులును, పౌరులును వచ్చియున్నారని తెలిపినది. అతడు విననప్పుడు, ఇంకను రాజ్యము చేతనుండగనే, సారథియైన వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలిద్దరను రథమెక్కించి కుండినపురమునకు తన పుట్టింటికి పంపినది. సర్వము పోయిన తరువాత గాదు, పోవునని తెలిసిన వెంటనే. పతివ్రతలలో ఎన్నదగిన దమయంతి బిడ్డల క్షేమమును భర్త ఆటకు పణముగా పెట్టలేదన్న మాట పురాణము చెప్పునప్పుడు తరచుగా మరుగున పడిపోవుచున్నది.

అడవిలో నలుడు విడిచిపోయిన పిమ్మట ఆమె శపించినది నలుని గాదు. నలునికి ఈ దుఃఖము తెచ్చిపెట్టిన భూతమును శపించినది. మనిషిని, మనిషిని పట్టిన పీడను వేరుచేసి చూచుట యిదియే. తుదకు కలి నలుని విడిచినది ఎప్పుడు? ఋతుపర్ణునివద్ద నలుడు స్వయముగా అక్షహృదయమును గ్రహించినప్పుడు. దమయంతి దూతలను పంపినది, వెదకించినది, ఉపాయము పన్ని రప్పించినది. కలిని వదలించుకొనుట మాత్రము నలుని వంతే అయినది.

ఇక పొరుగు దేశముల మాట. 1935లో అమెరికాలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అను ఇద్దరు త్రాగుడు మానినవారు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును స్థాపించిరి. విల్సన్ భార్య లోయిస్. భర్త త్రాగినన్నాళ్లు ఆమె పడిన బాధ అందరు ఇల్లాండ్రు పడునదే. విశేషమేమనగా, భర్త మానిన తరువాత కూడ ఆమెకు సుఖము కలుగలేదు. ఒకనాడు అతడు సంఘ సభకు పోదము రమ్మనగా ఆమె కోపముతో చెప్పు విసరినది. అప్పుడు తన మనస్సును తాను చూచుకొన్నది. ఇన్నేండ్లును అతనిని సంబాళించుటయే తన జీవితమైపోయినదని, ఆ పని తీరగానే తాను శూన్యమై మిగిలినదని గ్రహించినది. 1951లో ఆమె మరియొక స్త్రీతో కలిసి తాగుబోతుల కుటుంబములవారికై ఆలనాన్ అను సంఘమును నిలిపినది. భర్త త్రాగుచున్నను, మానినను, భార్యకు తన బాగును తాను చూచుకొను హక్కు కలదన్నదే దాని మూలము.

ఇరుగు రాష్ట్రమున మరియొక ఉదాహరణము. మదరాసులో సంపన్న వర్తక కుటుంబమునకు కోడలైన శాంతి రంగనాథన్ గారి భర్త 1979లో త్రాగుడువలననే మరణించెను. ధనమున్నను, పలుకుబడి యున్నను ఆయనను నిలుపలేకపోయినవి. ఆమె ఆ దుఃఖమును దాచుకొని మూలకూర్చుండలేదు. 1980లో భర్త పేరిటనే చికిత్సా సంస్థను నెలకొల్పినది. రోగితో పాటు అతని కుటుంబమువారికిని అచ్చట శిక్షణ యిత్తురు. 1992లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. త్రాగుడు పేదవారి ఇంటి రోగమనుకొనువారు ఈ మాట గమనింపవలెను.

ఇప్పుడు ఆచరణకు వచ్చెదము.

మొదటిది, దాచుట మానవలెను. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు హెచ్చరింతురు. ఆలోచించి చూడుడు. లంక చెడినది విభీషణుడు చెప్పుటవలననా, రావణుడు వినకపోవుటవలననా? ఊరంతటికి చాటనక్కరలేదు. నమ్మదగిన ఒక్కరికి, తల్లికో, అన్నకో, స్నేహితురాలికో, ఉన్నదున్నట్లు చెప్పవలెను. పనిచోటికి జ్వరమని కబురు పంపుట మానవలెను. ప్రతి బొంకును అతనికి మరియొక సీసా కొనిపెట్టుటతో సమానము.

రెండవది, మైకములో నున్నవానితో వాదింపరాదు. రాత్రి చేసిన ప్రమాణము తెల్లవారునప్పటికి అతనికి జ్ఞాపకముండదు. ఉదయము తేరియున్నప్పుడు, శాంతముగా, ఒక్క మాట చెప్పవలెను. చేయలేని బెదిరింపు ఎన్నడును పలుకరాదు. పలికినదానిని చేసి తీరవలెను.

మూడవది, రొక్కము. ఇల్లాలి సంపాదన ఆమె పేరిట బ్యాంకులోనో, తపాలా కార్యాలయములోనో ఉండవలెను. ఫోనులోని డబ్బునకు గల రహస్యపు అంకెను ఎవరికిని చెప్పరాదు. ఇంటి పత్రములు, బంగారము భద్రమైన చోట ఉంచవలెను. ఖాళీ కాగితముపై సంతకమో, వ్రేలిముద్రయో వేయరాదు. మహిళా సంఘములో తెచ్చిన అప్పు బిడ్డ చదువునకో, పాడికో, వ్యాపారమునకో పోవలెనుగాని, సారా బాకీకి పోరాదు.

నాలుగవది, భోజనములో రహస్యముగా మందు కలుపరాదు. మానిపించెదమని మాత్రలో, పసరులో అమ్మువారు సంతలలో కలరు. డైసల్ఫిరామ్ అను మాత్ర కడుపులో నుండగా త్రాగినచో గుండె దడదడలాడును, వాంతులగును, రక్తపు పోటు పడిపోవును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైద్యుడు దానిని రోగికి తెలిపి, రోగి సమ్మతితోనే ఇచ్చును. తెలియని పసరు సంగతి చెప్పనేల?

ఐదవది, వైద్యము. చాలకాలము విరివిగా త్రాగినవానిని ఇంటిలో గొళ్లెము వేసి ఒక్కసారి మాన్పించుట అపాయకరము. మూర్ఛలును, పలవరింతయు మొదటి రెండు మూడు దినములలో వచ్చును. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో మనోవ్యాధుల విభాగమున్నది. ఎర్రగడ్డ ఆసుపత్రి యున్నది. త్రాగుడు మాన్పుటకు సలహా కోరువారికి 14446, మనస్సు కుంగినవారికి 14416 అను ఉచిత ఫోను సంఖ్యలున్నవి. జంటనగరములలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సభలు జరుగుచున్నవి. అచ్చట రుసుము లేదు, పేరు అడుగరు. ఒకమారు మానినవాడు మరల త్రాగుటయు కలదు. అది ఆ రోగపు స్వభావము. అంతటితో వైద్యము వ్యర్థమనుకొనరాదు, భార్య ఓడిపోయినదనియు అనుకొనరాదు.

ఆరవది, చేయి చేసికొనుట. త్రాగినవాడు కొట్టుట సహజమని సరిపెట్టుకొనరాదు. మైకములో నున్నవాడు కొట్వాలును కొట్టుట లేదు గదా? భార్యనే కొట్టుచున్నాడనగా చేయి యెవరిమీద లేవవలెనో మైకములోను అతనికి తెలియుననియే. గృహహింసనుండి స్త్రీలను రక్షించు చట్టము 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26నుండి అమలులో నున్నది. కాపురమున్న ఇంటిలో ఉండు హక్కును, రక్షణ ఉత్తరువును, జీవనభృతిని ఆమె కోరవచ్చును. 181 అను సంఖ్యకు ఫోను చేసినచో స్త్రీలకు సహాయమందును. ఆపద ముంచుకొచ్చినప్పుడు ఇల్లు విడుచుట అవమానము కాదు. దమయంతి రథము సిద్ధపరచినట్లే, ఒక సంచిలో పత్రములు, బట్టలు, దారి ఖర్చు ముందే సిద్ధముగా నుంచుకొనవలెను.

ఏడవది, బిడ్డలు. వారికి అంతయు తెలియును. తెలియనట్లు నటించుటకు మాత్రము ఇంటిలో నేర్చుకొందురు. నాన్నకు జబ్బు చేసినది, అది నీవలన రాలేదు, నీవు బాగుచేయనక్కరలేదు అని వారి వయస్సునకు తగినట్లు చెప్పవలెను. దుకాణమునుండి సీసా తెమ్మని పిల్లవానిని పంపుటను ఎన్నడును సహింపరాదు.

ఇన్ని చేసినను కొందరు మానరు. ఈ మాట దాచి ఆశ పెట్టుట మోసమగును. అట్టి ఇల్లాలు కాపురముననే ఉండి తనను తాను నిలుపుకొనవచ్చును, విడిపోయి బ్రతుకవచ్చును. ఏది చేయవలెనో నిర్ణయింపదగినది ఆ రాత్రులు గడిపిన మనిషియే. రచ్చబండ కాదు.

మరి ఊరి ధర్మమేమి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సమాధానము చూపిరి. అక్షరాస్యతా తరగతులలో చేరి, వాచకములో సారావలన చెడిన కాపురపు కథను చదివి, ఇది మా కథయేనని గుర్తించిరి. వర్ధినేని రోశమ్మగారు మొదలగువారు కలిసి ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటి వ్యాపించినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. చట్టములు వచ్చినవి, పోయినవి. ఒక్కటి మాత్రము పోలేదు. అంతవరకు తన ఇంటి సిగ్గుగా ఒక్కొక్కతె మోసిన బరువు అందరిదియునని వారు తెలిసికొన్నారు. తెలిసికొన్నది చదువుటవలన. గ్రంథాలయమునకు ఇంతకంటె గొప్ప సార్థకత యేమి కలదు?

కనుక ఊరివారు చేయదగిన పనులు కొన్ని కలవు. చావునకును, పుట్టుకకును, పెండ్లికిని దావతు పేరిట సీసా పెట్టుట తగ్గింపవలెను. మానినవాని చేతికి గ్లాసిచ్చి "ఈ ఒక్కదినమునకు" అని బలవంతపెట్టరాదు. త్రాగుటకు అప్పియ్యరాదు, ఇచ్చి భార్యను అడుగరాదు. కోడలిని నిందించు అత్తగారు, తన కుమారుని పెంచినది తానేనని, అయినను ఈ రోగము తనవలనను రాలేదని తెలిసికొన్నచో, ఇద్దరును ఒక్కచోట కూర్చుండి కంటతడి తుడుచుకొనవచ్చును. పక్కింటిలో రాత్రి కేక వినబడినప్పుడు కిటికీ మూయుటకు మారుగా తలుపు తట్టవలెను.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. సాయంకాలము ఒక గంట స్త్రీలకై ప్రత్యేకముగా తెరచియుంచుటకు కార్యవర్గమువారు ఆలోచింపగోరుచున్నది ఈ ప్రసంగము. పుస్తకము చదువుటకై వచ్చినదో, ఒక గంట నిశ్శబ్దముగా కూర్చుండుటకై వచ్చినదో ఎవరును ఆమెను అడుగవద్దు. పైన చెప్పిన ఫోను సంఖ్యలను తలుపు పక్కన పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపుడు. చదువు రానివారికి చదివి వినిపింపుడు.